సూర్యుడు దిగాకే రేడియోకు దూరాలు అందడం ఏమిటి? పుస్తకం తప్పా, నా బుర్ర తప్పా?

కోనసీమ_కొబ్బరి
అటక సర్దుతుంటే తాతయ్య రేడియో బయటపడింది. చెక్క పెట్టె, ముందు వెలిసిపోయిన గుడ్డ, గాజు పలక మీద ఊళ్ళ పేర్లు, మూలన ఆకుపచ్చగా వెలిగే కన్ను. ఊళ్ళో మెకానిక్ రెండు కెపాసిటర్లు మార్చి బతికించాడు.

మాది అమలాపురం దగ్గర పల్లె. పగలంతా మీడియం వేవ్‌లో విజయవాడ ఒక్కటే గట్టిగా, నిలకడగా వస్తుంది. సాయంత్రం ఆరున్నర దాటితే ముల్లు ఎక్కడ పెట్టినా ఏదో ఒక భాష. తమిళం, సింహళం, హిందీ, పేరు తెలియనివి ఇంకా కొన్ని. తమాషా ఏమిటంటే, సరిగ్గా అప్పుడే మా విజయవాడ ఊగడం మొదలుపెడుతుంది. వార్తలు చదివే ఆవిడ గొంతు బావిలోకి దిగినట్టు దిగి, బొంగురుపోయి, మళ్ళీ పైకి తేలుతుంది.

ఇంటర్‌లో ఏం చదివాం? సూర్యకాంతి పైనున్న గాలిని అయనీకరణం చేస్తుంది, అలా ఏర్పడిన అయనావరణం రేడియో తరంగాలను కిందికి తిప్పి పంపుతుంది అని. అలాగైతే మిట్టమధ్యాహ్నం కదా దూరపు స్టేషన్లు రావాలి? రాత్రి రావడం ఏమిటి?

లాంతరు
పగలు స్టేషన్లకు కూడా ఎండ దెబ్బ తగులుతుందేమో. చల్లబడ్డాక బయలుదేరతాయి.

వాల్వు_మాస్టారు
ఆకుపచ్చ కన్ను ఉందంటే వాల్వు సెట్టు. ముందుగా ఒక మాట. రేడియో వెనక అట్ట తీసి వేలు పెట్టకండి, ప్లగ్గు పీకాక కూడా. లోపల రెండు వందల వోల్టులు దాటి ఉంటుంది. తెనాలిలో ముప్పై ఏళ్ళు ఇదే పని చేశాను, రెండుసార్లు గోడకు వెళ్ళి గుద్దుకున్నాను.

మీ ప్రశ్నకు జవాబు చదువుకున్నవారు చెప్తారు. నాకు తెలిసిందల్లా, పొద్దుగూకాక బాగు చేసిన సెట్టును పగలు మళ్ళీ పరీక్షించకుండా ఇవ్వకూడదని. రాత్రి ప్రతి సెట్టూ గొప్పదే.

ఫిజిక్సు_మేడం
పుస్తకం తప్పు కాదు, సగం చెప్పి ఊరుకుంది. అయనావరణం ఒక్క పొర కాదు. 60 నుంచి 90 కిలోమీటర్ల మధ్య డి పొర, దాని పైన 150 దాకా ఇ పొర, ఆ పైన ఎఫ్ పొర. రేడియోకు మేలు చేసేవి ముఖ్యంగా ఇ, ఎఫ్. డి పొర సుంకం వసూలు చేసే బాపతు.

తరంగం తగిలినప్పుడు ఎలక్ట్రాన్ దానితో పాటు ఊగుతుంది. ఊగుతూ ఆ శక్తిని తిరిగి తరంగంగానే వదిలేస్తే మనకు నష్టం లేదు. 300 కిలోమీటర్ల ఎత్తున గాలి ఎంత పలచన అంటే, ఎలక్ట్రాన్ హాయిగా ఊగుతుంది, ఎవరూ అడ్డురారు. డి పొర దగ్గర అలా కాదు. గాలి కొంచెం చిక్కన. ఊగే ఎలక్ట్రాన్ పోయి పోయి అణువులకు గుద్దుకుంటుంది, తరంగం ఇచ్చిన శక్తి అక్కడే వేడిగా మారిపోతుంది. పగలు మీడియం వేవ్ పైకి వెళ్తూ ఈ పొరలోనే ఇంకిపోతుంది. తిప్పి పంపే పొర దాకా చేరేది ఎంత, మళ్ళీ కిందికి దిగేది ఎంత?

గాలి చిక్కగా ఉంది కనుకనే, సూర్యుడు దిగగానే అక్కడి ఎలక్ట్రాన్లూ అయాన్లూ నిమిషాల్లో కలిసిపోతాయి. సుంకం గుమ్మం ఖాళీ. పైనున్న ఎఫ్ పొరలో ఒకదానికొకటి ఎదురుపడటమే అరుదు, అందుకే అది పలచబడుతూ కూడా తెల్లవారేదాకా నిలబడుతుంది. మీ సింహళం స్టేషన్ పగలు కూడా ప్రసారం చేస్తూనే ఉంది. దారిలో ఆవిరైపోతోంది, అంతే.

కోనసీమ_కొబ్బరి
అంటే పగలు పైన అద్దం బాగానే ఉంది, కింద మసి పట్టిన గాజు అడ్డం వస్తోంది. ఇంత చిన్న ముక్క పుస్తకంలో రాయడానికి ఏమి అడ్డం వచ్చింది?

నలభైమీటర్లు
అద్దం అనకండి, అక్కడే అందరం తప్పుదారి పడతాం. పరావర్తనం కాదు, వక్రీభవనం. కొంచెం కొంచెంగా వంగుతూ తిరిగొస్తుంది.

ఫిజిక్సు_మేడం
నలభైమీటర్లు గారు చెప్పింది ఏటవాలుగా వెళ్ళే తరంగానికి నిజం. వేసవిలో తారురోడ్డు మీద నీళ్ళు కనబడతాయే, ఆ ఎండమావిని తలకిందులు చేస్తే ఇదే. నిట్టనిలువుగా పంపిన తరంగం తిరిగి వచ్చినప్పుడు మాత్రం వంగింది అనడానికి ఏముంది? ఆగి వెనక్కి వచ్చింది. దాన్ని పరావర్తనం అంటే తప్పేమీ లేదు.

నలభైమీటర్లు
ఒప్పుకున్నాను. సగం.

దుబాయ్_బాబాయ్
మేడం గారూ, రాత్రే మేలు అన్నది మీడియం వేవ్‌కే. షార్ట్‌వేవ్‌లో నా అనుభవం వేరు. 1986లో గల్ఫ్‌కు వచ్చినప్పుడు పది మందికి ఒక గది, గదికి ఒక రేడియో. మధ్యాహ్నం భోజనం వేళ 19, 16 మీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న బ్యాండ్లలో ఎక్కడెక్కడి స్టేషన్లో గంట కొట్టినట్టు వచ్చేవి. రాత్రి పది దాటితే అవే బ్యాండ్లు నిశ్శబ్దం. అప్పుడు 41, 49కి వెళ్ళాల్సిందే. ఢిల్లీ వార్తలు పట్టుకోవడానికి ముల్లు తిప్పే హక్కు సీనియారిటీని బట్టి ఉండేది. నాకు ఆ హక్కు మూడేళ్ళకు వచ్చింది.

ఫిజిక్సు_మేడం
బాబాయ్ గారు చెప్పింది అక్షరాలా సరి. డి పొర మింగేది పౌనఃపున్యం పెరిగేకొద్దీ బాగా తగ్గుతుంది. రెట్టింపు పౌనఃపున్యానికి దాదాపు నాలుగోవంతు నష్టం. 19 మీటర్లంటే 15 మెగాహెర్ట్జ్, అది డి పొరను పెద్దగా లెక్కచేయదు. దానికి కావలసింది పైన దట్టమైన ఎఫ్ పొర. పగలు ఘన సెంటీమీటరుకు పది లక్షల ఎలక్ట్రాన్లు ఉన్నాయనుకోండి, నిలువుగా పంపిన తరంగం 9 మెగాహెర్ట్జ్ దాకా తిరిగొస్తుంది. ఏటవాలుగా పంపితే దానికి మూడింతల దాకా కూడా. రాత్రి పొర పలచబడితే ఆ హద్దు దిగిపోతుంది, 15 మెగాహెర్ట్జ్ పొరను చీల్చుకుని అంతరిక్షంలోకి పోతుంది. అంటే పైన ఒక హద్దు, కింద ఒక హద్దు. మధ్యలో ఉన్న కిటికీ పగలు పైకి జరుగుతుంది, రాత్రి కిందికి జరుగుతుంది.

కోనసీమ_కొబ్బరి
ఆగండాగండి. తాతయ్య రేడియో గాజు పలక మీద పెన్సిల్ గీతలు ఉన్నాయి. షార్ట్‌వేవ్ వరుసలో 19 దగ్గర ‘ప’, 49 దగ్గర ‘రా’. ఇన్నాళ్ళూ ఎవరి పేర్లో అనుకున్నాను.

లాంతరు
పద్మ, రాజేశ్వరి అనుకున్నారా? మీ నాయనమ్మకు చూపించలేదు కదా?

దుబాయ్_బాబాయ్
పగలు, రాత్రి. మా గదిలో రేడియోకు కూడా అచ్చం ఇలాగే ఉండేది, మేము గోళ్ళ రంగుతో పెట్టుకున్నాం. ఆ రంగు ఎక్కడిది అని అడగకండి.

విశాఖ_అల
అయనావరణం ఎఫ్ఎంను కూడా పంపిస్తుంది. మొన్న మే నెలలో ఆర్కే బీచ్‌లో కారు రేడియోలో చెన్నై ఎఫ్ఎం అరగంట సేపు విన్నాను. తిన్నగా గీత గీస్తే దాదాపు ఆరు వందల కిలోమీటర్లు. వక్రీభవనం అనండి, పరావర్తనం అనండి, నేను విన్నది మాత్రం తమిళ పాటలు.

నలభైమీటర్లు
విన్నారు, కాదనను. కానీ దానికి అయనావరణంతో సంబంధం లేదు. 100 మెగాహెర్ట్జ్ మామూలుగా దాన్ని తిన్నగా దాటి వెళ్ళిపోతుంది. వేసవిలో సముద్రం మీద తడిగాలి కింద, వేడి పొడిగాలి పైన పేరుకుంటాయి. ఆ రెండింటి మధ్య కాలువలో పారినట్టు తరంగం నీటిని అంటిపెట్టుకుని పోతుంది. కొన్ని వందల మీటర్ల ఎత్తులో జరిగే వ్యవహారం.

విశాఖ_అల
నేను కష్టపడి విన్నదాన్ని మూడు వందల కిలోమీటర్ల నుంచి మూడు వందల మీటర్లకు దింపేశారు.

సందేహం_సత్యం
ఇంత చర్చ అక్కర్లేదు. మార్కోనీ 1901లోనే రేడియో సంకేతాన్ని అట్లాంటిక్ దాటించి అంతా తేల్చేశాడు.

నలభైమీటర్లు
అక్కడే అసలు చిక్కు ఉంది. 1901 డిసెంబర్ 12న ఇంగ్లండ్ కార్న్‌వాల్‌లోని పోల్డూ నుంచి మూడు చుక్కలు, అంటే మోర్స్ కోడ్‌లో ఎస్ అక్షరం. మార్కోనీ న్యూఫౌండ్‌లాండ్‌లో గాలిపటానికి తీగ కట్టి చెవికి రిసీవర్ పెట్టుకుని విన్నానన్నాడు. అప్పుడు అక్కడ మధ్యాహ్నం. దాదాపు 3,400 కిలోమీటర్ల దారంతా పగలే. వాడింది మీడియం వేవ్ కోవలోకి వచ్చే పౌనఃపున్యం. మేడం పైన చెప్పిన డి పొర కథ ప్రకారం అది చేరడం చాలా కష్టం. నిజంగా విన్నాడా, ఉరుముల చప్పుడును చుక్కలనుకున్నాడా అని ఇప్పటికీ వాదించుకునేవారు ఉన్నారు.

రెండు నెలలకు, 1902 ఫిబ్రవరిలో, ఫిలడెల్ఫియా అనే ఓడ ఎక్కి అదే పోల్డూను వింటూ అమెరికా వైపు వెళ్ళాడు. పగలు సుమారు 1,100 కిలోమీటర్లకే ఆగిపోయింది. రాత్రి 2,500 దాకా టేపు మీద అచ్చు పడింది. కొబ్బరి గారు అటక మీద రేడియోతో కనిపెట్టింది ఆయన ఓడలో కనిపెట్టాడు. కారణం ఆయనకూ తెలియదు. అదే ఏడాది హెవిసైడ్, కెన్నెలీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వేరువేరుగా పైన విద్యుత్తును ప్రవహింపజేసే పొర ఉండి ఉండాలన్నారు.

సందేహం_సత్యం
సరే, తేల్చలేదు. మొదలుపెట్టాడు.

కోనసీమ_కొబ్బరి
నా రెండో ప్రశ్న అందరూ మరిచిపోయారు. దూరపువి రాత్రి వస్తాయి, అర్థమైంది. దగ్గరున్న విజయవాడకు రోగం ఏమిటి?

ఫిజిక్సు_మేడం
మరిచిపోలేదు, దాచి ఉంచాను. మీ ఊరు ఉన్న దూరం వల్ల వచ్చిన తంటా అది. విజయవాడ నుంచి మీకు తిన్నగా గీత గీస్తే 140, 150 కిలోమీటర్లు. నేలను అంటిపెట్టుకుని వచ్చే భూతరంగం పగలు మీకు సరిపోతుంది. రాత్రి డి పొర తప్పుకోగానే అదే స్టేషన్ తరంగం పైకి వెళ్ళి కూడా మీ దగ్గర దిగుతుంది. ఇద్దరు విజయవాడలు ఒకేసారి. ఇద్దరూ ఒకే తాళంలో వస్తే గట్టిగా వినబడుతుంది, ఎదురుతాళంలో వస్తే ఒకరినొకరు చెరిపేసుకుంటారు. పైపొర కదులుతూ ఉంటుంది కనుక దారి పొడవు మారుతూ ఉంటుంది, అదే మీకు ఊగడం. గుంటూరులో వింటే భూతరంగమే బలంగా ఉండి ఈ గొడవ కనబడదు. బాగా దూరంలో ఆకాశ తరంగం ఒక్కటే దిక్కు. మీరు సరిగ్గా రెండూ సమవుజ్జీలుగా ఉండే చోట ఇల్లు కట్టుకున్నారు.

ఈ ఊగడాన్ని పట్టుకునే ఒకాయన నోబెల్ దాకా వెళ్ళాడు. 1924 డిసెంబర్‌లో ఆపిల్టన్, బార్నెట్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు. బోర్న్‌మత్‌లోని బీబీసీ ట్రాన్స్‌మిటర్‌ను అర్ధరాత్రి కార్యక్రమాలు అయిపోయాక అడిగి తీసుకున్నారు. పౌనఃపున్యాన్ని నెమ్మదిగా మారుస్తుంటే ఆక్స్‌ఫర్డ్‌లో కూర్చుని ధ్వని ఎన్నిసార్లు పెరిగి తగ్గిందో లెక్కపెట్టారు. ఆ లెక్క నుంచి పొర ఎత్తు సుమారు 90 కిలోమీటర్లని తేలింది. 1947లో ఆపిల్టన్‌కు నోబెల్ వచ్చింది. పొరకు ఇ అని పేరు పెట్టింది కూడా ఆయనే, ఎ, బి, సిలు వదిలేసి. కింద ఇంకేమైనా దొరికితే అక్షరాలు ఉండాలని.

లాంతరు
కొబ్బరి గారికి కూడా ఏదో ఒకటి ఇప్పించండి. ఊగడం ఆయనకూ వినబడింది కదా.

వాల్వు_మాస్టారు
డి పొర అంటుంటే ఇప్పుడు గుర్తుకొచ్చింది. 1980 ఫిబ్రవరి 16, సంపూర్ణ సూర్యగ్రహణం. ఖమ్మంలో మా మామయ్య దుకాణంలో ఉన్నాను. మధ్యాహ్నం మూడు దాటింది, వీధిలో కుక్క కూడా లేదు, తలుపులన్నీ మూసేశారు. మామయ్య గ్రహణం విడిచాక స్నానం చేయాలంటూ లోపల కూర్చున్నాడు. నేను బల్ల మీద బాగు చేస్తున్న మర్ఫీ సెట్టు ఆన్‌లోనే ఉంది, ముల్లు ఏ స్టేషన్ మీదా లేదు, ఉత్త గరగర. వెలుతురు రాగి రంగులోకి దిగిన కాసేపటికి ఆ గరగర అడుగున ఎవరో మాట్లాడుతున్నట్టు వినబడింది. సన్నగా. మగ గొంతు, తెలుగు కాదు. ముల్లు కొంచెం జరిపితే ఇంకొకటి. కిటికీ సందులోంచి మళ్ళీ తెల్లటి గీత పడిన కొద్దిసేపటికి రెండూ పోయాయి. మామయ్యకు చెప్తే గ్రహణం వేళ రేడియో పెట్టినందుకు తిట్టాడు. నలభై ఏళ్ళు పైన అయింది, అది సెట్టు లోపం అనుకుంటూనే ఉన్నాను.

ఫిజిక్సు_మేడం
మాస్టారూ, లోపం కాదు. అది డి పొర పట్టపగలు సెలవు తీసుకోవడం. గ్రహణాలప్పుడు పరిశోధకులు పనిగట్టుకుని ఇదే వింటారు.

వాల్వు_మాస్టారు
ఆ సెట్టు తాలూకు మనిషి దగ్గర ట్యూనింగ్ సరిచేశానని ఐదు రూపాయలు తీసుకున్నాను.

హనుమకొండ_హరి
మా అన్నయ్య హైదరాబాద్‌లో హామ్, అంటే లైసెన్సు తీసుకుని సొంత రేడియో సెట్టుతో సరదాకు మాట్లాడే మనిషి. జపాన్‌తో గంటలు గంటలు మాట్లాడతాడు. నేను 150 కిలోమీటర్ల దూరంలో ఉన్నాను, రిసీవర్ కొనిపెట్టాడు, ఒక్క ముక్క వినబడదు. నా సెట్టు చెత్తదా, మా అన్న మనసు మంచిది కాదా?

నలభైమీటర్లు
రెండూ కాదు, మీరు గెంతు కింద ఉన్నారు. 14 మెగాహెర్ట్జ్ భూతరంగం కొన్ని పదుల కిలోమీటర్లకే చచ్చిపోతుంది. ఏటవాలుగా పైకి వెళ్ళింది ఎఫ్ పొరను తాకి వెయ్యో, రెండు వేలో, ఒక్కోసారి మూడు నాలుగు వేలో కిలోమీటర్ల అవతల దిగుతుంది. మధ్యలో ఉన్నవారికి శూన్యం. బస్సు ఎక్స్‌ప్రెస్, మీ ఊళ్ళో ఆగదు.

పగలు 7 మెగాహెర్ట్జ్‌కు రమ్మనండి, తీగను మేడ మీద నాలుగైదు మీటర్ల ఎత్తులోనే అడ్డంగా కట్టమనండి. అప్పుడు తరంగం నిటారుగా పైకి వెళ్ళి గొడుగులా చుట్టూ దిగుతుంది. మీకు వినబడుతుంది, జపాన్ పోతుంది.

హనుమకొండ_హరి
చెప్పి చూశాను. జపాన్‌ను వదులుకోడట.

నలభైమీటర్లు
ఈ గెంతు విలువ 2004లో చూశాం. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో నుంచి భారతి ప్రసాద్ గారి బృందం ఆ డిసెంబర్‌లో అండమాన్ వెళ్ళింది, అక్కడి నుంచి ప్రపంచమంతటి హామ్‌లతో మాట్లాడటానికి. 26వ తేదీ ఉదయం సునామీ. ఫోన్లు పోయాయి. పోర్ట్‌బ్లెయిర్ నుంచి హైదరాబాద్‌కు దాదాపు 1,650 కిలోమీటర్లు, మధ్యలో సముద్రం. ఎఫ్ పొరకు ఒక్క గెంతు దూరం. సరదాకు తీసుకెళ్ళిన సెట్లతోనే క్షేమ సమాచారాలు ఇటు పంపారు. టవర్ కూలితే ఫోను లేదు, ఆ పొర కూలేది కాదు.

దుబాయ్_బాబాయ్
కూలదు గానీ మొరాయిస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో సాయంత్రం ఏడెనిమిది గంటలకు ఇండియా స్టేషన్లు వణికేవి. కొబ్బరి గారి ఊగుడు లాంటిది కాదు. ఫ్యాను ముందు నోరు పెట్టి మాట్లాడితే వస్తుందే, అలా.

గాదంకి_గాలి
చదువుకునే రోజుల నుంచి చదువుతూ ఉంటాను, ఎప్పుడూ రాయను, దీనికి రాయకుండా ఉండలేను. ఆ వణుకు మన ఆకాశం సొంత ఆస్తి. భూ అయస్కాంత మధ్యరేఖ భారతదేశం దక్షిణ కొసను తాకుతూ పోతుంది. 1963 నవంబర్ 21న కేరళలోని తుంబా నుంచి మొదటి రాకెట్ వెళ్ళింది కూడా ఆ రేఖ పక్కనే కాబట్టి. పగలు అక్కడి ఎలక్ట్రాన్లు ఫౌంటెన్‌లా పైకి లేచి, అయస్కాంత రేఖల వెంట ఉత్తరానికీ దక్షిణానికీ జారి కుప్పపడతాయి. ఆ కుప్ప శిఖరం మన దేశంలో గుజరాత్, మధ్యప్రదేశ్, బెంగాల్ మీదుగా ఉంటుంది. మధ్యరేఖ మీద కంటే అక్కడ దట్టం. ఈ వింతకు ఆపిల్టన్ పేరే పెట్టారు.

ఇక సూర్యాస్తమయం. ఎఫ్ పొర కింది భాగం త్వరగా ఖాళీ అయిపోయి, పైన బరువు, కింద తేలిక అన్న స్థితి వస్తుంది. నూనె మీద నీళ్ళు పోసినట్టు. కింద ఉన్న ఖాళీ బుడగలై పైకి చొచ్చుకుపోతుంది, కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తుకు. పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తుల నెలల్లో ఎక్కువ. వాటి గుండా వచ్చే తరంగం చెదిరి వణుకుతుంది. తిరుపతి దగ్గర గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ రాడార్ ఉంది, ఈ బుడగల అంచులు అందులో నిలువు ఈకల్లా కనబడతాయి. రాత్రి తొమ్మిదికి మొదటిసారి తెర మీద చూసినప్పుడు భోజనానికి వెళ్ళడం మరిచిపోయాను, క్యాంటీన్ మూసేశారు.

రేడియో వినేవాళ్ళు తగ్గిపోయారు, ఇదెవరికి పట్టింది అనుకోవద్దు. మీ ఫోనులో జీపీఎస్ తరంగం కూడా ఆ బుడగల గుండానే రావాలి. విమానాలకు దారి చూపే గగన్ వ్యవస్థ మన దేశానికి కట్టేటప్పుడు అన్నిటికంటే ఎక్కువ తలనొప్పి తెచ్చినది ఇదే.

విశాఖ_అల
అయితే రాత్రి ఎనిమిదికి నా జీపీఎస్ నన్ను మురుగుకాలువలోకి తీసుకెళ్ళింది బుడగల వల్లనా?

గాదంకి_గాలి
మొన్నటి ఎఫ్ఎం లాగే, దానికి కారణం కొంచెం కిందే ఉండవచ్చు.

సందేహం_సత్యం
2024 మే 10న సౌర తుఫాను వచ్చినప్పుడు మా వాళ్ళందరూ అరోరా, అంటే ఆకాశంలో రంగుల వెలుగుల ఫొటోలు పంచుకున్నారు. రేడియోకు మేలు జరిగిందా, కీడా?

నలభైమీటర్లు
కీడు. సూర్యుడి మీద మచ్చలు ఎక్కువగా ఉండే ఏళ్ళు మాకు పండగ, ఎఫ్ పొర దట్టపడి 28 మెగాహెర్ట్జ్ కూడా తెరుచుకుంటుంది. అదే సూర్యుడు పేలితే పండగ కాస్తా ఆగిపోతుంది. జ్వాల ఎక్స్‌రేలు ఎనిమిది నిమిషాల్లో వచ్చి డి పొరను ఉబ్బిస్తాయి, పగటివైపు షార్ట్‌వేవ్ ఒక్కసారిగా మూగబోతుంది. ఆ వారంలో ఒక మధ్యాహ్నం నేను మాట్లాడుతుండగానే అవతలి మనిషి మాయం. కరెంటు పోయిందనుకుని ఫ్యూజు చూడటానికి లేచాను. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

కోనసీమ_కొబ్బరి
నిన్న సాయంత్రం కూర్చుని రాసుకున్నాను. ఇంట్లో ఎల్ఈడీ బల్బులూ ఇన్వర్టరూ ఆపేస్తే గరగర సగం పోయింది, అమ్మ గొణుగుడు మొదలైంది. 5:40కి విజయవాడ ఒక్కటే. 6:15కి దాని పక్కన సన్నగా తమిళం. 6:35కి విజయవాడ మొదటిసారి మునిగింది. ఏడు నుంచి పది నిమిషాల్లో పదకొండు సార్లు మునిగింది, గడియారం పెట్టి లెక్కపెట్టాను. ఆపిల్టన్ కంటే నా పని సులువు, నాకు అర్ధరాత్రి దాకా ఆగాల్సిన పని లేదు.

ఇంకొకటి. భూతద్దం పెట్టి చూస్తే 25 మీటర్ల దగ్గర మూడో గీత కనబడింది. పక్కన ‘సి’. రెండు రాత్రులు తిప్పాను, అక్కడ ఉత్త హోరు.

దుబాయ్_బాబాయ్
సిలోన్, అంటే శ్రీలంక రేడియో. మధ్యాహ్నం తెలుగు పాటలు. ఇప్పుడు ఎంత తిప్పినా రాదు, అది అయనావరణం తప్పు కాదు.

కోనసీమ_కొబ్బరి
నాయనమ్మను అడిగాను. ‘సి’ అంటే ఏమిటో చెప్పలేదు గానీ, ఆ గీత దగ్గర ముల్లు పెట్టినప్పుడు తాతయ్య ఎవరినీ ఇంట్లో దగ్గనిచ్చేవారు కాదట.

వాల్వు_మాస్టారు
పదకొండు సార్లలో ఒకటో రెండో మీ మెకానిక్ వేసిన కెపాసిటర్లవి కూడా అయి ఉండవచ్చు. ఏ విలువవి వేశాడో, ఎన్ని వోల్టులవో కనుక్కుని రాయండి.